ముందు వరుసలో చప్పట్లు

"ఎవరొచ్చారో కనుక్కో," అన్నాడు నాన్న, పేపరు దించకుండా.

గుమ్మంలో ఉన్నది అన్నయ్య. నాన్న కుర్చీకి ఆరడుగుల దూరం కూడా లేదు. మూడు నెలల తర్వాత ఇంటికొచ్చినవాడు, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక ఒక చెప్పు విప్పి రెండోది ఉంచుకుని నిలబడ్డాడు.

"అబ్బాయండీ," అంది అమ్మ.

"ఏ అబ్బాయి?"

"నాకున్నది ఒక్కడే. మీకింకెవరన్నా ఉంటే నాకు తెలీదు."

మామూలు రోజుల్లో అయితే ఈ మాటకి నాన్న పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు పేజీ తిప్పాడు.

"తాళం పార్టీ ఆఫీసు వీధి చివరుంది. మాస్టారుగారు దారి తప్పినట్టున్నారు, చూపించు."

"నాతో మాట్లాడ్డం ఇష్టం లేకపోతే మానెయ్యమనమ్మా. రేపు పదకొండింటికి విచారణ. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో రేపు తేలిపోతుంది. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతా."

"అడగమను."

"అడగరా," అంది అమ్మ. "ఈ వయసులో నాకు పోస్టుమాన్ ఉద్యోగం వచ్చింది."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి, తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తున్నాను. అన్నయ్య నా వంక చూడలేదు. చూడకపోవడమే మంచిదనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. ఈమధ్య నాకు సిగ్గు వేళాపాళా లేకుండా వస్తోంది, ఎక్కిళ్ళలాగా.

అన్నయ్య ఫోను తీసి, నాన్నకి కనబడేలా బల్లమీద పెట్టాడు.

"ఇది మా బడి బహుమతుల రోజు సినిమా. మేయరు ఆఫీసువాళ్ళు తీసి బస్టాండులో, ఆస్పత్రిలో, అన్ని తెరలమీదా వేసింది. నేను పెట్టిన వీడియో దొంగదని నిరూపించడానికి దీన్నే చూపిస్తున్నారు. ఇందులో పెద్దాయన ఎక్కడా ఆగడు. గడగడా మాట్లాడతాడు, జనం చప్పట్లు కొడతారు."

మేయరు ఆఫీసులో వీడియోలు కత్తిరించే ఉద్యోగం నాది. రెండింట్లో ఏది దొంగదో ఈ ఇంట్లో మిగిలిన ముగ్గురిలో నాకొక్కదానికే తెలుసని అప్పటికింకా అనుకుంటున్నాను.

ఆ రోజు జరిగింది ఇదీ. నాలుగుసార్లు మేయరుగా గెలిచి వచ్చే నెల ఐదోసారి నిలబడబోతున్న పెద్దాయన, ఎనభై రెండేళ్ళవాడు, బడి వేదిక మీద "పిల్లలూ, మీరే రేపటి..." అని ఆగిపోయాడు. ఒక నిమిషం పది సెకన్లు. తర్వాత, అప్పటికే బహుమతి ఇచ్చిన అమ్మాయినే మళ్ళీ పిలిచి మళ్ళీ ఇచ్చాడు. ఆ పిల్ల రెండో కప్పు కూడా పుచ్చుకుని, ఏం చెయ్యాలో తెలియక తల వంచుకుని నిలబడింది. ఆ బడిలో లెక్కల మాస్టారు మా అన్నయ్య. అదంతా ఫోన్లో తీశాడు.

హాల్లో రెండొందల మంది ఉన్నారు. కానీ మా ఊళ్ళో మనుషులు రెండే రకాలు, గొడుగు గుర్తువాళ్ళు, తాళం గుర్తువాళ్ళు. గొడుగువాళ్ళకి ఆ నిమిషం కనబడనే లేదు. తాళంవాళ్ళకి అది పావుగంటలా కనబడింది. హెడ్మాస్టరుగారు సరిగ్గా ఆ సమయానికి వెనక కుర్చీలు సర్దిస్తున్నారట. మంగలి మన పార్టీవాడేనా అని కనుక్కుని మరీ తల అప్పగించే ఊళ్ళో సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

"అడుగుతున్నా నాన్నా," అన్నాడు అన్నయ్య. "ఆ రోజు మీరు మా బడికి వచ్చారా?"

నాన్నని అన్నయ్య 'మీరు' అనడం అదే మొదటిసారి. అమ్మ చటుక్కున తలెత్తి చూసింది.

నాన్న నాలుక పైపెదవి వెనక్కి వెళ్ళి, పన్ను లేని చోటు తడుముకుంది. ఏ ఆలోచన వచ్చినా ఈమధ్య ఆయనకది అలవాటైంది.

"రాలేదు," అన్నాడు అన్నయ్యే. "నేను చెప్తాను వినండి. పొద్దున పదింటికి మిమ్మల్ని పళ్ళ డాక్టరు దగ్గర దింపి బడికెళ్ళాను. మీరు కోరపన్ను పీకించుకున్నారు. మరి పదింపావుకి మా హాల్లో ముందు వరుసలో కూర్చుని, ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి చప్పట్లు కొడుతున్న ఈయనెవరు?"

అమ్మ వంగి ఫోను వంక చూసింది. "ఎవరో పోలికలున్నవాళ్ళు..."

"గళ్ళ చొక్కాకి కూడా పోలికలుంటాయా అమ్మా?"

"అయితే ఆ పళ్ళ డాక్టర్ని కాగితం అడక్కపోయావా?"

"అడిగాను. ఆయనా గొడుగే. ఆ నెల రిజిస్టరు చెదలు తినేసిందట."

"నాలుగు నెలలకే?"

"గొడుగు చెదలు కదా, చురుగ్గా ఉంటాయి."

ఎవరూ నవ్వలేదు. గ్లాసు నా చేతిలోనే ఉంది. జారి పడితే బావుండేది, కాసేపు అందరూ దాని వంక చూసేవాళ్ళు.

నా పని ఎలాంటిదో చెప్పాలి. పెద్దాయన మాట మధ్యలో ఆగిపోయినప్పుడు ఆ ముక్క తీసేస్తాను. తీసేసి ఊరుకుంటే బొమ్మ గెంతుతుంది, ఆయన తల ఒక్కసారిగా ఇటునుంచి అటు పడుతుంది. అందుకని అతుకు మీద ఇంకో బొమ్మ కప్పాలి. చప్పట్లు కొట్టే జనం అయితే శ్రేష్ఠం. పోయిన ఏడాది ఒక సభలో నాన్న చప్పట్లు కొడుతుండగా తీసిన పదకొండు సెకన్ల ముక్క నా దగ్గరుంది. అంత మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టే మనిషి ఊళ్ళో ఇంకొకడు లేడు. మొదట ఒకసారి వాడాను. తర్వాత అలవాటైపోయింది. బడి హాల్లో పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, వాళ్ళ బొమ్మ ఒక్కటీ పనికిరాలేదు. గంటలో సినిమా ఇవ్వాలి. చెయ్యి దానంతటదే నాన్న మీదికి పోయింది. ఆ పొద్దున ఆయన ఎక్కడున్నాడో నాకు తట్టనే లేదు.

నాన్న ప్రతి వారం బస్టాండుకెళ్ళి ఆ తెర ముందు నిలబడేవాడు. "ఈ వారం ఏడుసార్లు కనబడ్డానే," అని వచ్చి చెప్పేవాడు. పక్కింటివాళ్ళకీ చెప్పేవాడు.

"మీరు ఎన్నిసార్లు కనబడితే," అన్నాడు అన్నయ్య, "ఆయన అన్నిసార్లు ఆగిపోయాడని అర్థం నాన్నా."

ఆ మాట అన్నాక అన్నయ్య నా వంక చూశాడు. కత్తిరించింది నేనేనని తెలుసు. అయినా నా ఊసెత్తలేదు. తేలు కుట్టిన దొంగలా నేనక్కడ నిలబడే ఉన్నాను.

మూడు నెలల కిందట ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని నాన్న నన్నడిగాడు. "నువ్వు తీసిన సినిమా ఒకటి చెబుతోంది, మీ అన్న ఫోను ఇంకోటి చెబుతోంది. అబద్ధం ఎవరిది? వాడిదా, నీదా?" నేను "అన్నయ్యదే" అన్నాను. రెండే మాటలు కూడా కాదు, ఒక్క మాట. నాన్న అన్నయ్యకి వీధి చూపించాడు.

పేపరు మడిచి నాన్న ఇవాళ మొదటిసారి అన్నయ్యతో నేరుగా మాట్లాడాడు.

"నువ్వు చేసిన పని మంచిదేనా? ఒక ముసలాయన నోట మాట రాకపోతే దాన్ని ఊరంతా పంచుతావా? దానికి డప్పు వేసి, పాట కట్టి..."

"డప్పు వేసింది తాళంవాళ్ళు. నేను మా మాస్టర్ల గ్రూపులో పెట్టానంతే."

"పెట్టింది నువ్వేగా?"

అన్నయ్య గొంతు తగ్గింది. "నేనే. మొన్న బడి గేటు బయట నిలబడి చూశాను. మా తరగతి పిల్లలు కొత్త ఆట కనిపెట్టారు. ఒకడు ఉపన్యాసం ఇస్తూ ఆగిపోవాలి, మిగతావాళ్ళు గుడ్లప్పగించి చూడాలి. ముందు నవ్వినవాడు ఔట్. ఆ ఆట నేను నేర్పిందే నాన్నా. నాకు తెలుసు," అన్నాడు.

"మరి?"

"మరేం లేదు. నేను అబద్ధమాడానని మాత్రం ఒప్పుకోలేను. రేపు రండి, రాకపోండి, మీ ఇష్టం."

విప్పిన చెప్పు వేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి, వాడు మలుపు తిరిగేదాకా నిలబడి వచ్చింది.

"మంచినీళ్ళు కూడా ఇవ్వలేదే," అంది నా చేతిలో గ్లాసు చూసి.

*

మా ఇంటి వీధిగదే నాన్న కుట్టు షాపు. సాయంత్రం టీ పట్టుకుని వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. గుమ్మం దాటేసరికి ఆ నిజం కాస్తా టీలో చక్కెర సరిపోయిందా అనే ప్రశ్నగా మారింది.

"సరిపోయింది," అన్నాడు నాన్న తాగకుండానే.

మిషన్ మీద తెల్ల చొక్కా ఉంది. పెద్దాయనది. రేపటినుంచి ఎన్నికల ప్రచారం, దానికి ఆరు చొక్కాలు. నలభై ఏళ్ళుగా ఆయన చొక్కాలు నాన్నే కుడుతున్నాడు. కుట్టడం అయిపోయినవి పక్కన దొంతరగా పెట్టి ఉన్నాయి. గ్లాసు పెట్టడానికి చోటు చేద్దామని పైచొక్కా తీశాను. మడత సరిగ్గా పడాలని గుండీ విప్పబోతే రాలేదు.

వేలితో తడిమి చూశాను. కాజాలే లేవు. గుండీలు పైపట్టీకే కుట్టేసి ఉన్నాయి, చూపుకి. పట్టీ కింద వరసగా టిచ్ బటన్లు. చిన్నపిల్లల గౌన్లకి వేస్తారే, నొక్కితే అంటుకుపోయేవి, అవి.

"ఎన్నాళ్ళనుంచి నాన్నా?"

"ఏంటి?"

"ఇలా కుట్టడం."

నాన్న మిషన్ ఆపలేదు. "రెండేళ్ళు. కొలతలకొచ్చి ఒక్క గుండీతో పావుగంట కుస్తీ పట్టాడు. నేను అటు తిరిగి టేపు వెతుకుతున్నట్టు నటించాను. టేపు నా మెడలోనే ఉంది."

"వేళ్ళు వణుకుతున్నాయా?"

"ఆ. వేళ్ళే."

"వేళ్ళేనా?"

మిషన్ ఆగింది. నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తన చొక్కాతో, పెద్దాయనదానితో కాదు.

"నా పేరు పోయిన ఏడే పోయింది. 'ఏమయ్యా టైలరూ' అంటాడు. నలభై ఏళ్ళు ఒరేయ్ అని పిలిచిన మనిషి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అప్పుడే నా నోటినుంచి వచ్చింది. "నాన్నా, ఆ సినిమాలో నిన్ను..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"బస్టాండులో చూసిన రోజే తెలుసు. నా చొక్కా నాకు తెలీదా, కుట్టుకున్నది నేనే. పైగా అందులో నాకు కోరపన్ను ఉంది. నేను అప్పటికి దూది కొరుక్కుని తిరుగుతున్నా."

నేను కూలబడ్డాను. షాపులో ఉన్నది ఒకటే స్టూలు. కాళ్ళు అరిగిపోయి, ఒక పక్కకి ఒరిగే స్టూలు.

"తెలిసే నన్నడిగావా? అబద్ధం వాడిదా నీదా అని?"

"అడిగాను."

"ఎందుకు?"

"అడక్కపోతే మీ అన్నకి అనుమానం వస్తుంది. నువ్వెక్కడ నిజం చెప్పేస్తావోనని లోపల హడిలిపోతూ అడిగాను. 'అన్నయ్యదే' అన్నావు. హమ్మయ్య అనుకున్నాను." నాన్న నా వంక చూడలేదు, సూది వంక చూస్తూ చెప్పాడు. "కన్నకొడుకుని వీధిలోకి పొమ్మని, హమ్మయ్య అనుకున్నాను."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఇద్దరిలో ఒకరం ఇంకొకర్ని ఓదార్చాలి. ఆ అర్హత మా ఇద్దరికీ లేదనిపించింది.

"నువ్వు కూర్చున్నావే, ఆ స్టూలు," అన్నాడు. "రోడ్డు వెడల్పు చేస్తామని ఈ వరస షాపులు కూల్చడానికి యంత్రం వచ్చింది. నువ్వప్పటికి పుట్టలేదు. పెద్దాయన ఆ స్టూలు తీసుకెళ్ళి యంత్రం ముందు వేసుకుని కూర్చున్నాడు. మూడు రోజులు. వానలో తడిశాడు. అదిగో, అందుకే ఈ షాపుంది, మనకి అన్నం ఉంది. అలాంటి మనిషిని నలుగురిలో విప్పి నిలబెట్టమంటావా? నేను టైలర్ని. కప్పడం నా పని."

"నువ్వూ నేనూ కప్పుతున్నది ఆయన్నేనా నాన్నా? ఆయన్ని ముందు పెట్టుకుని వెనక ఊరేలుతున్నవాళ్ళని కాదూ?"

నాన్న టీ తాగాడు. చల్లారిపోయి ఉంటుంది, ముఖం చిట్లించలేదు.

"రేపు వస్తావా విచారణకి?" అన్నాను.

"వస్తాను. నా గళ్ళ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమని మీ అమ్మకి చెప్పు."

ఆ చొక్కా ఎందుకో నాకు అర్థమైంది. అర్థమయ్యీ అడగలేదు. అమ్మకి చెప్పకుండా నేనే ఇస్త్రీ చేశాను, కాలరు మడత నలగకుండా, జాగ్రత్తగా.

*

పొద్దున్నే మేయరు సెక్రటరీగారు నన్ను ఆఫీసుకి పిలిపించారు. ఆయన ఎప్పుడూ కోప్పడరు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"చిన్న కాగితం అమ్మా. విచారణలో చదివి సంతకం పెడితే చాలు."

'సదరు చిత్రంలో ఎటువంటి తీసివేతలు గాని, చేర్పులు గాని లేవు.' అదీ కాగితం.

"పెద్దాయనకి ఒంట్లో బాగానే ఉందాండీ?" అన్నాను.

"ఆలోచిస్తారు. పెద్దవాళ్ళు మాట్లాడేముందు ఆలోచిస్తారు. ఆలోచించేది జనానికి చూపించడం దేనికి, చెప్పింది చూపిస్తే చాలదూ? మీ అన్నయ్య సంగతి నేను చూసుకుంటాలే. వేరే ఊళ్ళో వేయిస్తాం, ఎన్నికలు అవ్వనీ." ఆయన ఫోను మోగింది, మాట్లాడుతూ బయటికి వెళ్ళారు.

పక్కగది తలుపు తెరిచే ఉంది. సోఫాలో పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు, నాన్న కుట్టిన తెల్ల చొక్కాలో. మెడకీ కాలరుకీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. దగ్గరికి వెళ్ళాను.

"అమ్మాయ్, నన్ను ఎక్కడికి తీసుకెళ్తున్నారో నీకేమైనా తెలుసా?" గొంతు తగ్గించి అడిగాడు.

"ప్రచారానికండీ. సభ ఉంది."

"సభా?" ఆయన తలుపు వైపు చూశాడు. "నేను ఇంటికెళ్తానని చెప్పాను. వింటున్నారు గానీ తీసుకెళ్ళడం లేదు. నేను అడిగానని వాళ్ళకి చెప్పకేం? కోపాలొస్తాయి."

"చెప్పనండీ."

"మంచిపిల్లవి. మీ నాన్నేం చేస్తాడు?"

వారానికోసారి ఈ ప్రశ్న అడుగుతాడు. ప్రతిసారీ నేను ఆ ముక్క కత్తిరిస్తాను.

"టైలరండీ. ఈ చొక్కా ఆయనే కుట్టాడు."

పెద్దాయన చొక్కా వంక చూసుకుని, ఒక గుండీ పట్టుకుని మెల్లగా తిప్పాడు. "బాగా కుట్టాడు," అన్నాడు.

రెండేళ్ళుగా నేను దాచింది ఈయన పరువనుకున్నాను. ఈయన ఇంటికెళ్తానని అడుగుతున్న ముక్కలు ఎన్ని కత్తిరించి ఉంటానో లెక్కేసుకోవడానికి ధైర్యం చాలలేదు.

*

విచారణ విద్యాశాఖ ఆఫీసు రెండో అంతస్తులో. పొడుగు బల్ల, దానికి అటొక బెంచీ ఇటొక బెంచీ. ఎవరూ చెప్పకుండానే గొడుగువాళ్ళు కిటికీ వైపు, తాళంవాళ్ళు బీరువా వైపు సర్దుకున్నారు. అమ్మ ఎటు కూర్చుంటే ఎవరు బాధపడతారోనని తలుపు దగ్గరే నిలబడిపోయింది. సెక్రటరీగారు నా పక్కనే కూర్చున్నారు. విచారణాధికారి మేడమ్‌కి జలుబు, బుగ్గలో ఏదో మాత్ర పెట్టుకుని మాట్లాడుతోంది.

రెండు వీడియోలూ వేశారు. అన్నయ్యది ఆడుతుంటే కిటికీవైపు వాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. నాది ఆడుతుంటే బీరువావైపు వాళ్ళు దగ్గారు.

"ఈ చిత్రంలో ముందు వరుసలో ఉన్నది మా నాన్నగారు," అన్నాడు అన్నయ్య లేచి. "ఆయన ఆ రోజు మా బడికి రానేలేదు. రాని మనిషి కనబడుతున్నాడంటే అతికించిందెవరో, నేనో వాళ్ళో, మీరే చెప్పండి. ఆయన్నే అడగండి."

నాన్న లేచాడు. గళ్ళ చొక్కా, పై గుండీ దాకా పెట్టుకున్నాడు. తెర మీద చప్పట్లు కొడుతూ ఆగిపోయిన బొమ్మా, ఆయనా, ఇద్దరూ ఒకే చొక్కాలో. మేడమ్ ఇటూ అటూ చూసింది.

"చెప్పండి. బహుమతుల రోజున మీరు బడిలో ఉన్నారా?"

నాన్న అన్నయ్య వంక చూడలేదు. పెద్దాయన మనుషుల వంకా చూడలేదు. నా వంక చూశాడు. ఆయన 'లేను' అంటే అతికించిన చెయ్యి ఎవరిదన్నది వెంటనే వచ్చే ప్రశ్న. ఆయన కప్పుతున్నది ఇవాళ పెద్దాయన్ని కాదు.

"ఉన్నాను," అన్నాడు పెదవులు సరిగ్గా విప్పకుండా. "చప్పట్లు కొట్టాను."

బీరువా వైపునుంచి ఎవరో 'ఛీ' అన్నారు. కిటికీ వైపు ఒకాయన నాన్న భుజం తట్టాడు. అన్నయ్య అరుస్తాడనుకున్నాను. కూర్చుని, చేతిలో కాగితాలు అంచులు కలిపి సర్దుకోవడం మొదలుపెట్టాడు, పరీక్ష అయిపోయాక జవాబు పత్రాలు సర్దినట్టు.

"ఎడిటరు ఎవరు?" అంది మేడమ్. "మీరేనా? చదివి సంతకం పెట్టండి, ముగించేద్దాం."

లేచాను. కాగితం విప్పాను.

"సదరు చిత్రంలో ఎటువంటి..." అని ఆగిపోయాను.

ఆగిపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తర్వాతి మాట కళ్ళముందే ఉంది, నోటికి రాదు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. మేడమ్ బుగ్గలో మాత్ర ఇటునుంచి అటు దొర్లింది. సెక్రటరీగారు "చదువమ్మా" అని మెల్లగా అన్నారు. ఎంతసేపో తెలీదు. మీద కప్పడానికి ఇక్కడ చప్పట్లు లేవు.

కాగితం మడిచేశాను.

"మేడమ్, ఆ పొద్దున మా నాన్న పన్ను పీకించుకున్నాడు. బడికి రాలేదు. ఆ చప్పట్లు పోయిన ఏడాదివి. అతికించింది నేను."

"అమ్మాయికి ఒంట్లో బాలేదు..." సెక్రటరీగారు సగం లేచారు.

"బాగానే ఉంది. కత్తిరించిన ముక్కలన్నీ నా దగ్గరున్నాయి. అడిగితే ఇస్తాను. డప్పులు వేసేవాళ్ళకి మాత్రం ఇవ్వను." బీరువావైపు నవ్వు మొహాలు రెండు అక్కడే ఆగిపోయాయి. "మూడు నెలల కిందట మా అన్నయ్య అబద్ధమాడాడని చెప్పాను. ఆ అబద్ధం నాది."

అన్నయ్య తలెత్తలేదు. సర్దుతున్న కాగితాల మీద చేతులు ఆగాయి. తలుపు దగ్గర అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడమ్ కలం మూసి, మళ్ళీ తెరిచింది.

"కూర్చోకండి," అంది నాన్నతో. ఆయన కూర్చోబోతున్నవాడల్లా బల్ల పట్టుకుని నిలబడిపోయాడు. "మీరు వచ్చానన్నారు. మీ అమ్మాయి రాలేదంటోంది. ఇద్దరిలో ఒకరిది అబద్ధం. రాసుకోవాలి నేను. చెప్పండి, అబద్ధం ఎవరిది? ఆవిడదా, మీదా?"

అదే ప్రశ్న. ఆ కుర్చీలో కూర్చుని నన్నడిగినప్పుడు నాన్నకి జవాబు తెలుసు. ఇప్పుడూ తెలుసు. నాదంటే కొడుకు పోతాడు. తనదంటే నలభై ఏళ్ళ స్నేహితుడు పోతాడు, కూతురి ఉద్యోగం ఎలాగూ పోయింది.

కిటికీవైపు వాళ్ళూ బీరువావైపు వాళ్ళూ, బహుశా చాలా ఏళ్ళకి, ఒకే మనిషి వంక ఒకేలా చూశారు.

నాన్న నాలుక పైపెదవి వెనక కదలడం కనిపించింది. తర్వాత జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో, పైవరుసలో, ఆ ఖాళీ అందరికీ కనబడుతోంది.